అన్నం వండిందంట, గంతే

2016లో, కాలేజీలో పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, సెప్టెంబర్ 17కి పిల్లలతో ఏదైనా చేయించమన్నారు. మా కాలేజీ పటాన్‌చెరులో. క్లాసులో సగం మంది ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళ బిడ్డలు. నల్లగొండ, జనగామ వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు, జహీరాబాద్, బీదర్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. వక్తృత్వ పోటీ పెడితే అందరూ ఒకే గైడు బట్టీ పట్టి వస్తారు. అందుకని, ఇంట్లో అవ్వలను అడిగి రాసుకురమ్మని ఒక కాగితం తయారుచేసి ఇచ్చాను. అందులో నాలుగే ప్రశ్నలు. 1948లో మీ వయసెంత? ఏ ఊళ్ళో ఉన్నారు? పోరాటంలో పాల్గొన్నారా? పాల్గొంటే ఏం చేశారు?

వారం తర్వాత ముప్ఫై కాగితాలు వచ్చాయి. మూడో ప్రశ్న దగ్గర దాదాపు అన్నింట్లోనూ 'లేదు' అనే ఉంది. నాలుగో ప్రశ్న ఖాళీ. జనగామ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం కాగితం ఇస్తూ క్షమాపణ చెబుతున్నట్టుగా అంది: "మా అవ్వ ఏం జెయ్యలేదంట మేడం. అన్నం వండిందంట, గంతే."

ఎవరికి వండింది అని అడిగాను. రాత్రిపూట వచ్చేవాళ్ళకట. ఎంతమందికో ముందుగా తెలియదు. పొయ్యి వెలుగు బయటికి కనిపించకుండా తలుపుకు గొంగడి కట్టేదట. తెల్లారితే పోలీసులు వచ్చి పొయ్యిలో చెయ్యిపెట్టి బూడిద వేడిగా ఉందేమో చూసేవాళ్ళట. అందుకని వంట కాగానే నిప్పుల మీద నీళ్ళు చల్లి, బూడిద ఎత్తి పెంటకుప్పలో పోసి వచ్చేదట, పదమూడేళ్ళ పిల్ల. ఇదంతా ఆ అమ్మాయి నాకు వరండాలో నిలబడి చెప్పింది. కాగితంలో మాత్రం 'లేదు' అని రాసి ఉంది.

ఆ 'లేదు' అవ్వ చెప్పింది కాదు, నేను అడిగిన తీరు చెప్పించింది. 'పాల్గొనడం' అనే మాట ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు. పార్టీ చరిత్రల్లో, పెన్షన్ దరఖాస్తుల్లో, పాఠ్యపుస్తకాల్లో. తుపాకీ పట్టడం, దళంలో ఉండటం, జైలుకు పోవడం పాల్గొనడం. బూడిద ఎత్తిపోయడం పాల్గొనడం కాదు. స్త్రీవాదం చదువుకుని, మౌఖిక చరిత్ర మీద థీసిస్ రాస్తున్న నేను కూడా ఆ మాటనే తీసుకుపోయి పిల్లల చేతిలో పెట్టాను. ఈ వ్యాసం ఆ కాగితం దగ్గరే మొదలైంది. అయితే నా పొరపాటు నాకు పూర్తిగా అర్థం కావడానికి చాలా దూరం పోవాల్సి వచ్చింది, ఐర్లండు దాకా.

ఎం.ఏ.లో మనందరికీ ఐర్లండు అంటే యేట్స్. 1916 ఈస్టర్ తిరుగుబాటు మీద ఆయన రాసిన పద్యం మీద ప్రశ్న ప్రతి ఏడాదీ వచ్చేది. మాడ్ గాన్ మాకు ఆయన ప్రేయసిగానే తెలుసు. ఆమె 1900లో స్త్రీల కోసం ఒక విప్లవ సంస్థను పెట్టిందని ఎవరూ చెప్పలేదు, పరీక్షలో రాదు కనుక. చాలా ఏళ్ళ తర్వాత, సాక్ష్యాల సేకరణ గురించి చదువుతూ అక్కడి చరిత్రకారులు ఈ పాతికేళ్ళుగా దేని గురించి కొట్లాడుకుంటున్నారో చూశాను. మన గురించే రాసినట్టనిపించింది.

ఐర్లండు ప్రభుత్వం 1947లో ఒక బ్యూరోను పెట్టి, 1913 నుంచి 1921 దాకా పోరాటంలో ఉన్నవాళ్ళ వాంగ్మూలాలు సేకరించింది. పదేళ్ళ పని. మొత్తం 1,773 వాంగ్మూలాలు. వాటిని ఖజానాలో పెట్టి తాళం వేశారు. 2003లో గానీ తెరవలేదు. అవి బయటికి రాగానే చరిత్ర మొత్తం మారిపోతుందనుకున్నారు. కొంత మారింది కూడా. మామూలు మనుషుల గొంతులు వినబడ్డాయి. కానీ ఆ వాంగ్మూలాల్లో స్త్రీలవి పదో వంతుకు కాస్త తక్కువే. ఇంకొక సంగతి నన్ను ఎక్కువ ఆపింది. బ్యూరో 1921 జూలై సంధి దగ్గర గీత గీసింది. ఆ తర్వాత 1922-23లో నిన్నటిదాకా ఒకే పక్కన ఉన్నవాళ్ళు ఒకరినొకరు కాల్చుకున్న అంతర్యుద్ధాన్ని తన పరిధిలోకి తీసుకోలేదు. శత్రువు బయటివాడుగా ఉన్నంతవరకే చెప్పండి, మనవాడు శత్రువైన చోట ఆగిపోండి అన్నట్టు.

తర్వాత 2014 నుంచి ఇంకొక గని తెరుచుకుంది. సైనిక సేవకు పెన్షన్ కోరుతూ పెట్టుకున్న దరఖాస్తులు, వాటి మీద జరిగిన విచారణలు, తిరస్కరణ ఉత్తరాలు. కోరినవాళ్ళవే కాదు, దక్కనివాళ్ళవి కూడా. మార్గరెట్ స్కిన్నిడర్ అనే బడిపంతులమ్మ 1916లో డబ్లిన్‌లో తుపాకీ పట్టి పోరాడి, మూడు చోట్ల గుండు దెబ్బలు తింది. 1925లో గాయాల పెన్షన్‌కు దరఖాస్తు పెడితే, చట్టంలో సైనికుడు అంటే మగవాడనే అర్థమని చెప్పి తిప్పి పంపారు. 1938లో గానీ ఆమెకు పెన్షన్ రాలేదు. 1934లో చట్టం మార్చి 'కమన్ న మాన్' అనే స్త్రీల సంస్థ సభ్యులను చేర్చారు. అయిదు గ్రేడులు పెట్టి, వాళ్ళకు మాత్రం కింది రెండు గ్రేడులు దాటనివ్వలేదు. దరఖాస్తులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ దళం, ఎవరి ఆజ్ఞ మీద, ఎవరు ధ్రువీకరిస్తారు అని అడుగుతారు. కొన్నేళ్ళపాటు తన ఇంటిని ఆశ్రయంగా మార్చి తిండిపెట్టి, గాయాలు కడిగి, ఉత్తరాలు మోసిన స్త్రీ ఆ కాగితంలో ఇమడాలంటే తన రోజువారీ బతుకును సైనిక భాషలోకి మార్చుకోవాలి. మార్చుకోగలిగినవాళ్ళు చరిత్రలోకి వచ్చారు. మార్చుకోలేనివాళ్ళు 'ఏం జెయ్యలేదంట' అనే వరుసలో మిగిలిపోయారు. కొత్త ఆధారాలు దొరికాయని సంబరపడే ముందు, ఆ ఆధారం ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో చూడాలని అక్కడి స్త్రీవాద చరిత్రకారులు గట్టిగా అన్నది ఇందుకే.

మన దగ్గరకు వద్దాం. కేంద్ర ప్రభుత్వపు స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్‌కు కనీసం ఆరు నెలల జైలు ఉండాలి. స్త్రీలకు మూడు నెలలు చాలు. మొదటిసారి ఇది చదివినప్పుడు, పోనీ కాస్త దయ చూపించారు అనుకున్నాను. తర్వాత అర్థమైంది, అది కొలత తగ్గించడమే గానీ కొలబద్దను మార్చడం కాదని. జైలు కాకపోతే అజ్ఞాతవాసం, దానికి వారంటు కాగితమో, రివార్డు ప్రకటనో కావాలి. అవి లేకపోతే పేరున్న సమరయోధుడి ధ్రువీకరణ పత్రం. మారుపేరుతో అడవిలో తిరిగిన ఆడమనిషికి, అసలు ఇల్లే దాటకుండా ఇంటినే అజ్ఞాతం చేసిన ఆడమనిషికి వారంటు ఎవరు జారీ చేస్తారు?

మా పారిశ్రామిక ప్రాంతంలో ఈ సమస్య చరిత్రది మాత్రమే కాదు. బోరింగు నీళ్ళు వాసన వస్తున్నాయని, వంటకు పనికిరావని, పిల్లలకు ఒంటిమీద పొక్కులు లేస్తున్నాయని పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ళలో ముందుగా చెప్పింది బిందెలు మోసే ఆడవాళ్ళే. సీసాల్లో నీళ్ళు పట్టి లేబొరేటరీకి పంపి, 1990లో సుప్రీంకోర్టులో కేసు పడ్డాక అది 'ఆధారం' అయింది. ముక్కుతో చెప్పినది ఆధారం కాదు. సరే, ఇది పక్కదారి.

తెలుగులో ఈ కొలబద్దను మొదట కదిలించింది 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. ఐర్లండు ఖజానా తాళాలు తెరవడానికి పదిహేడేళ్ళ ముందు, ప్రభుత్వ నిధులు లేకుండా, టేపురికార్డరు పట్టుకుని ఊరూరా తిరిగిన స్త్రీలు చేసిన పని. ఈ పత్రిక పాఠకులకు దాని గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ పుస్తకానికి ముందు మనకు పోరాట చరిత్రలు లేక కాదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాసిన పెద్ద గ్రంథంలో స్త్రీల గురించి ప్రత్యేకంగా ఉంది. అందులో స్త్రీలు ధైర్యంగా ఉన్నారు, త్యాగాలు చేశారు, హింసలు భరించారు. అది గౌరవంగా రాసిన భాగమే. కానీ అక్కడ స్త్రీ పోరాటానికి ఏమిచ్చింది అన్నదే ప్రశ్న. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు దాన్ని తిప్పి, పోరాటం మీకేమిచ్చింది, మీ దగ్గర ఏం తీసుకుంది అని అడిగారు. దళంతో నడవడానికి పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ కథ అందువల్లే బయటికొచ్చింది. పోరాటం ఆగిపోయాక ఇక ఇళ్ళకు పొండి అంటే, ఏ ఇంటికి పోవాలో తెలియని అమ్మాయిల అయోమయం అందువల్లే అచ్చయింది. 1951 అక్టోబర్‌లో పోరాట విరమణ మగ నాయకులకు ఒక రాజకీయ తీర్మానం. ఈ స్త్రీలకు అది వంటింటి తలుపు మళ్ళీ మూసుకున్న రోజు.

తర్వాత వచ్చినవన్నీ ఆ దారిలో నడవలేదు. మల్లు స్వరాజ్యం 2022లో కన్నుమూయడానికి కొన్నేళ్ళ ముందు ఆమె జీవితకథ 'నా మాటే తుపాకీ తూటా' వచ్చింది. దాన్ని ఇష్టంగా చదివాను. ఆమె మాటలో ఆ జోరు, ఆ పాట, ఆ నవ్వు ఎవరికీ రావు. కానీ పుస్తకంలో ఎక్కువగా వినిపించేది వేదిక మీది గొంతే అనిపించింది. వేలమంది ముందు మాట్లాడి మాట్లాడి ఒక గొంతుకు అలవాటైన రూపం అది. శీర్షికే చెబుతోంది. మాటను తూటాతో పోల్చితే గానీ మాటకు విలువ లేదా అని నాకు కాస్త కష్టంగా ఉంటుంది. దీనికి పూర్తిగా ఎదురుగా కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' ఉంది. 2012లో, తొంభై నాలుగేళ్ళ వయసులో ఆమె తెచ్చిన పుస్తకం. అందులో తూటాల కంటే ట్రంకుపెట్టెలు, హాస్టలు గదులు, పరీక్ష ఫీజులు, ఉత్తరం రాని రోజులు ఎక్కువ. భర్త వదిలిపోయాక ముప్ఫై దాటిన వయసులో మళ్ళీ చదువుకుని, హాస్టల్లో ఉద్యోగం చేసి, కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకున్న మనిషి, ఎవరినీ తిట్టకుండా రాసింది. తిట్టకపోవడాన్ని కొందరు ఔదార్యం అన్నారు. నాకు అలా అనిపించదు. ఆమె లెక్క రాసిపెట్టింది, అంతే. చదివినవాళ్ళు కూడుకోవాలి. పోరాట చరిత్రకు అది ఆధారమా, ఒక స్త్రీ సొంత బాధా అని నా థీసిస్ వైవాలో నన్ను అడిగారు. రెండూ వేరు కావని ఇప్పుడైతే తడుముకోకుండా చెబుతాను. అప్పుడు తడుముకున్నాను.

ఇక అసలు చెప్పవలసిన చోటికి వస్తున్నాను. ఇంతవరకు చెప్పిన పుస్తకాలన్నీ నల్లగొండ, వరంగల్, ఖమ్మం, కృష్ణా వైపువి. వాటి స్త్రీలు కమ్యూనిస్టు ఉద్యమంతో ఏదో రకంగా ముడిపడ్డవాళ్ళు. జమాలున్నీసా బాజీ, రజియా బేగం లాంటి హైదరాబాద్ ముస్లిం స్త్రీలు 'మనకు తెలియని మన చరిత్ర'లో ఉన్నారు, కానీ అభ్యుదయ ఉద్యమకారులుగా ఉన్నారు. మరి మా సంగారెడ్డి? పాత మెదక్ జిల్లా కేంద్రం మాది. 1930లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన జోగిపేట మాకు బస్సులో పోయేంత దూరం. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన స్త్రీల సభ కూడా జరిగింది. మొదటిదానికి పేజీలు, రెండోదానికి ఒక వాక్యం. అయినా ఆ వాక్యమైనా ఉంది. మాకు అసలు వాక్యమే లేనిది 1948 సెప్టెంబర్ తర్వాతి రోజుల గురించి.

సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. అంతకుముందు రజాకార్లు చేసిన దుర్మార్గాలు మా ఊళ్ళలో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. చెప్పాల్సిందే. ఆ తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. ఆ ఏడాది నవంబర్ చివర నుంచి డిసెంబర్ మూడో వారం దాకా తిరిగి వాళ్ళు ఇచ్చిన నివేదికను అచ్చు వేయలేదు. కొన్ని భాగాలు 1988లో ఉమర్ ఖాలిదీ పుస్తకంలో వచ్చాయి. 2013లో ఎ.జి. నూరానీ తన పుస్తకంలో మొత్తం చేర్చాక అందరికీ అందుబాటులోకి వచ్చింది. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అందులో అంచనా. ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. తర్వాతి వరుసలో నాలుగు జిల్లాలు కలిపి కనీసం 5 వేల మంది అని ఉంది. అవి ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్.

మెదక్ అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. 2015లో, యూనివర్సిటీ లైబ్రరీలో. నేను పుట్టి పెరిగిన జిల్లా. స్కూల్లో, కాలేజీలో, మా ఇంట్లో ఒక్కసారైనా వినని సంగతి. రజాకార్లను ప్రస్తావించకుండా వదిలేసిన నివేదిక కాదు అది. ముస్లింలను కాపాడిన హిందువుల గురించి కూడా చెబుతుంది. స్త్రీల మీద అత్యాచారాలు, ఎత్తుకుపోవడాలు, పిల్లలతో సహా బావుల్లో దూకినవాళ్ళు కూడా ఉన్నారందులో. ఉన్నారు కానీ లెక్కగా ఉన్నారు, గొంతులుగా లేరు. ముగ్గురు పెద్దమనుషులు ఊళ్ళోకి వచ్చి కూర్చుంటే ఏ స్త్రీ ఏం చెప్పగలిగి ఉంటుంది?

ఆ నివేదిక చదివిన నెలలోనే ఇద్దరు ముసలివాళ్ళతో మాట్లాడి ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఒకరు మా నానమ్మ. ఇంకొకరు సంగారెడ్డిలో మా వీధి చివర ఉండే ఒక నానీ. అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆమె పుట్టిల్లు జహీరాబాద్ దాటి బీదర్ వైపు ఒక పల్లె. 1948లో ఆమెకు పదేళ్ళు. ఆమె చెప్పింది ఎక్కువేం లేదు. నాన్నా, ఇద్దరు చిన్నాన్నలూ ఒకే రోజు పోయారు. అమ్మ నుదుట బొట్టు పెట్టి, చీర కట్టు మార్చి, ఊరి చాకలామె తన ఇంట్లో పది రోజులు దాచింది. తర్వాత సంగారెడ్డిలో ఉన్న మేనమామ ఇంటికి నడిచి వచ్చారు. "మా అమ్మ మళ్ళ ఆ ఊరు పేరు తియ్యలే బేటీ. చచ్చేదాకా తియ్యలే. నువ్వడిగినవ్ గనక నేను తీస్తున్న," అంది. ఆ చాకలామె పేరు మాత్రం చెప్పింది. చెప్పి, రాసుకో అంది.

రాసుకున్నాను. కానీ థీసిస్‌లో పెట్టలేదు. నా అధ్యాయం పేరు 'తెలంగాణ సాయుధ పోరాటం – స్త్రీల స్వీయకథనాలు'. ఈమె సాయుధురాలూ కాదు, పోరాటంలోనూ లేదు, స్వీయకథనమూ రాయలేదు. ఇది మీ పరిధిలోకి రాదమ్మా అని ఒక పెద్దాయన అంటే వాదించలేదు. ఆయన అనకపోయినా నేనే తీసేసేదాన్నేమో. ఐర్లండు బ్యూరో 1921 దగ్గర గీసిన గీత లాంటిదే నేనూ గీశాను. చాకలి ఐలమ్మ విగ్రహాలు మన ఊళ్ళలో ఉన్నాయి, 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఆనందమే. కానీ అదే కులంలో పుట్టి, వేట కత్తులతో తిరుగుతున్న గుంపుల మధ్య ఒక తురక ఆడమనిషిని పది రోజులు ఇంట్లో దాచిన ఆమె 'పాల్గొన్నదా' లేదా? నా దగ్గర ఉన్న గడిలో ఆమె ఇమడలేదు. ఇమడకపోతే గడిని మార్చాలన్న ఆలోచన నాకు రాలేదు.

నానమ్మ రికార్డింగు ఇంకా కష్టం. ఆమెది అందోలు వైపు ఊరు. రజాకార్లు వస్తున్నారంటే ఆడపిల్లలందరూ మనిషెత్తు జొన్నచేలల్లో పడుకోవడం, వెండి కడియాలు పశువుల కొట్టంలో పాతిపెట్టడం, తోటి పిల్లకు దగ్గు వస్తే నోట్లో గుడ్డ కుక్కడం ఇవన్నీ గడగడా చెప్పింది. ఎన్నోసార్లు చెప్పి నలిగిన కథ. మిలిటరీ వచ్చిందని, అందరూ బయటికొచ్చారని చెప్పింది. మరి తర్వాత ఏమైంది నానమ్మా అన్నాను. "ఏమైతది, మంచిగైంది," అంది. కాసేపాగి, వెనక బాత్‌రూమ్ వైపు చూసి, "ఆ దేక్సా గప్పుడొచ్చింది," అంది.

మా ఇంట్లో స్నానానికి నీళ్ళు కాచే పెద్ద రాగి దేక్సా ఒకటుంది. నా చిన్నప్పటి నుంచీ ఉంది. చింతపండుతో తోమితే తళతళలాడేది. అంచు కింద ఏవో గీతలుండేవి, పువ్వులనుకునేవాళ్ళం. గప్పుడొచ్చింది అంటే ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు అని నేను అడగలేదు. రికార్డింగులో ఆ మాట తర్వాత చాలాసేపు ఏమీ లేదు. వీధిలో ఏదో బండి పోయిన చప్పుడు. తర్వాత నా గొంతే వినబడుతుంది, "అప్పుడు నీకు పెళ్ళయిందా?" అని. మాట మార్చింది ఆమె కాదు, నేను. నానమ్మ 2019లో పోయింది. ఆ తర్వాత దేక్సా అంచును ఫొటో తీసి ఉర్దూ తెలిసిన స్నేహితురాలికి చూపించాను. అవి పువ్వులు కావు. ఒక ఆడపేరు. పెళ్ళికి పెట్టే గిన్నెల మీద పెళ్ళికూతురు పేరు చెక్కిస్తారట. ఆ పేరు ఇక్కడ రాయను.

ఇది రాయడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే భయం వల్ల. సెప్టెంబర్ 17ను ఎవరు ఏమని పిలవాలన్న కొట్లాట ఈ మధ్య ఎలా ముదిరిందో చూస్తున్నాం. 2022లో కేంద్రం విమోచన దినం అంది, అదే ఏడాది రాష్ట్రం సమైక్యతా దినం అంది, 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినం అంది. కమ్యూనిస్టులకు అది విలీనం. పేరు ఏది పెట్టినా అందులో నానమ్మ జొన్నచేను ఒకరికి పనికొస్తుంది, నానీ నడిచిన దారి ఇంకొకరికి పనికొస్తుంది. రెండూ ఒకే ఇంటి వీధిలో ఉన్నాయన్న సంగతి ఎవరికీ పనికిరాదు. ఐర్లండులోనూ ఇదే జరిగింది. పీటర్ హార్ట్ అనే చరిత్రకారుడు 1998లో కార్క్ జిల్లా గురించి పుస్తకం రాస్తూ, 1922 ఏప్రిల్‌లో పదిమందికి పైగా ప్రొటెస్టెంట్లను విప్లవకారుల వైపువాళ్ళే చంపడం వెనక మతద్వేషం ఉందన్నాడు. దానిమీద ఇరవై ఏళ్ళు కొట్లాడుకున్నారు. అతను పేర్లు చెప్పకుండా వాడుకున్న ఇంటర్వ్యూలే పెద్ద తగాదా అయ్యాయి. కిల్‌మైకేల్ దాడిలో ఉన్నాడని చెప్పిన ఒక మనిషితో మాట్లాడిన తేదీ నాటికి, ఆ దాడిలో పాల్గొన్న చివరి మనిషి కూడా చనిపోయాడని విమర్శకులు పట్టుకున్నారు. పేరు దాస్తే నమ్మరు, చెబితే ఆ మనిషిని బజారుకీడుస్తారు. నేను నానీ పేరు దాస్తున్నాను. నమ్మకపోతే నమ్మకపోయారు.

ఆ తగాదాలో నాకు నచ్చింది హార్టూ కాదు, ఆయనను పడగొట్టినవాళ్ళూ కాదు. ఎవరు ఎంతమందిని ఏ కారణంతో చంపారన్న వాదం మధ్య, స్త్రీల ఒంటి మీద ఏం జరిగిందని అడిగినవాళ్ళు. జుట్టు కత్తిరించడాలు, రాత్రిపూట ఇళ్ళ మీద దాడులు, 1923లో కెన్‌మేర్ పట్టణంలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళ మీద స్వతంత్ర ప్రభుత్వపు సైనికాధికారులే చేసిన దాడి. లిండా కానలీ లాంటివాళ్ళు ఈ ప్రశ్నలు వేసినప్పుడు, ఆధారాలెక్కడున్నాయి అన్నారు. ఆధారాలు పెన్షన్ దరఖాస్తుల్లోనే, డాక్టరు చీటీల్లోనే, 'అప్పటి నుంచి ఆరోగ్యం బాగుండటం లేదు' అన్న ఒక్క ముక్కలోనే ఉంటాయి. ఆ వాక్యం దగ్గర ఆగేవాళ్ళు కావాలి. నేను నానమ్మ దగ్గర ఆగలేదు. అందుకే ఇది ఇంకొకరి పుస్తకం మీద విమర్శగా మొదలుపెట్టి నా థీసిస్ మీద విమర్శగా రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు కొత్త కాగితం తయారుచేశాను. అవ్వలు చాలామంది పోయారు. ఇప్పుడు అడగాల్సింది వాళ్ళ కూతుళ్ళను, కోడళ్ళను, మాటలు విన్నవాళ్ళను. పాల్గొన్నారా అన్న ప్రశ్న తీసేశాను. మీ ఇంట్లో ఆ కాలం నాటి వస్తువు ఏదైనా ఉందా, అది ఎలా వచ్చింది? మీ అమ్మ ఏ ఊరి పేరు ఎత్తేది కాదు? ఎవరింట్లో ఎవరు దాక్కున్నారు? రాత్రిపూట ఎవరికి వండారు? పోయిన సెప్టెంబర్‌లో ఈ కాగితం పట్టుకుని నానీ కూతురి దగ్గరికే ముందు వెళ్ళాను. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసి రిటైరైంది. కాగితం మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, "ముందు నువ్వు చెప్పు బేటీ," అంది. "మీ ఇంట్ల ఏముంది?"

చెప్పాను.